కార్క్‌లో ఇంతమంది ఓసలివన్‌లేంది? అందరూ చుట్టాలేనా?

ఖమ్మం_పిల్ల:

అందరికీ నమస్తే. ఐర్లండ్‌ల కార్క్‌లో ఒక హాస్పిటల్‌లో నర్స్‌గా చేరి ఏడు నెలలైతుంది. వచ్చినకాడి నుంచి ఒక డౌట్ పీకుతుంది, అడగడానికి ఎవరూ లేక ఇక్కడ రాస్తున్న.

మొన్న నైట్ డ్యూటీల మా వార్డులో ముగ్గురు ఓసలివన్‌లు. అందులో ఇద్దరి పేరు మైఖేలే. వయసుల కూడా రెండేళ్ళే తేడా. బోర్డు మీద వాళ్ళ పేర్ల పక్కన ఎర్ర స్టిక్కర్ పెట్టినం, గోలీ ఇచ్చే ముందు పుట్టిన తేదీ రెండుసార్లు అడిగి ఇస్తున్నం. నాకు డ్యూటీ అప్పజెప్పిన నర్సూ ఓసలివనే. ఇన్‌ఛార్జ్ మేడం బ్యాడ్జి మీద ఏదో ఇంత పొడుగు ఐరిష్ పేరుంది. చదవరాక అడిగితే, 'నీ హూలవాన్ అనాలి, ఇదీ ఓసలివనే' అని నవ్వింది. ఎట్లనో నాకైతే సమజ్ కాలే.

వీళ్ళందరూ ఒక్కటే ఖాందానా? కొందరు 'ఓ' పెట్టుకుంటరు, కొందరు ఉత్త సలివన్ అని రాస్తరు, ఎందుకు? అర్థం వెతికితే ఒక సైట్‌ల కన్ను అని ఉంది, ఇంకోదాంట్ల డేగ అని ఉంది. మీరంత చుట్టాలేనా అని వాళ్ళనే అడిగితే బాగుండదేమో అని ఆగిన. తెలిసినోళ్ళు చెప్పండి.

డబ్లిన్_రామం:

ఓ అంటే ఇంగ్లిష్ 'ఆఫ్' అండీ, కుదించి రాస్తారు. సలివన్ అనే ఊరి వాళ్ళని అర్థం. మనకి ఊరి పేర్లతో ఇంటిపేర్లు లేవూ, అలాంటిదే. చుట్టాలేం కాదు.

బేరా_అల్లుడు:

రామం గారూ, ఏమీ అనుకోకండి, అది ఊరి పేరు కాదు. మనిషి పేరు. మా ఇంట్లో రోజూ నడిచే వ్యవహారం కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మాది తెనాలి. పదమూడేళ్ళ కిందట ఓసలివన్‌ల పిల్లని చేసుకున్నాను. కార్క్ కౌంటీలో పడమటి కొసన సముద్రంలోకి వేలు చాపినట్టుండే బేరా ద్వీపకల్పం వాళ్ళది, కాజిల్‌టౌన్‌బేర్ పక్కన పల్లె. మామగారు ఓసలివన్. అత్తగారి పుట్టింటి పేరూ ఓసలివనే. ఆ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "అదేంట్రా, ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ వరస కాదూ?" అంది. ఇప్పటికీ ఆవిడకి ఆ అనుమానం పూర్తిగా పోలేదు. ఇక్కడ పేరు కలిస్తే పట్టింపు లేదమ్మా, దగ్గర రక్తసంబంధం ఉంటేనే చర్చి అడ్డుచెబుతుంది అని ఎన్నిసార్లు చెప్పానో.

ముందు ఆ 'ఓ' సంగతి. ఐరిష్‌లో ఓ అంటే మనవడు, అంటే వంశంలోవాడు. మాక్ అంటే కొడుకు. పదో శతాబ్దం నాటి సూలవాన్ అనే ఒకాయన మనవలూ మునిమనవలూ 'ఓ సూలవాన్' అయ్యారు. యూరప్‌లో తండ్రి నుంచి కొడుక్కి దిగే ఇంటిపేర్లు అందరికంటే ముందు స్థిరపడిన చోట్లలో ఐర్లండ్ ఒకటి. ఇంగ్లిష్‌లో ఓ పక్కన పెట్టే ఆ కామా లాంటి గుర్తు ఐరిష్‌లో లేనే లేదు. అక్కడ ఓ నెత్తిన చిన్న వాలుగీత ఉంటుంది. దాన్ని ఫాదా అంటారు, అంటే పొడుగు. అచ్చం మన దీర్ఘమే.

చెల్లెమ్మా, మీ ఇన్‌ఛార్జ్ మేడం పేరు గురించి. 'ఓ' మగవాళ్ళకే. కూతురైతే 'నీ', కోడలైతే 'ఈ' వస్తుంది. అవి చేరితే వెనకున్న స కాస్తా హ అయిపోతుంది, మన గసడదవాదేశంలో క పోయి గ వచ్చినట్టు. అందుకే తండ్రి ఓ సూలవాన్, కూతురు నీ హూలవాన్, తల్లి ఈ హూలవాన్. ఒక ఇంటికి మూడు ఇంటిపేర్లు. ఆధార్ కార్డు ఆఫీసులో ఇది చెప్పి చూడండి ఎవరైనా! మీ మేడం 'నీ' అని రాసుకున్నారంటే అది పుట్టింటి పేరన్నమాట. పెళ్ళయినా అదే ఉంచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇక అర్థం. 'సూల్' అంటే కన్ను, దాంట్లో గొడవలేదు. గొడవంతా రెండో ముక్క దగ్గరే. నల్లని అనే మాట కలిసి 'నల్లకళ్ళవాడు' అయిందని పండితుల్లో ఎక్కువమంది మొగ్గు. ఒంటికన్నువాడనీ, డేగకన్నువాడనీ కూడా అంటారు. మా మామగారికి ఇవేవీ నచ్చవు. వాళ్ళ పూర్వీకుడొకాయన అడిగినవాడికి లేదనడట, ఎవడో దుర్మార్గుడు వచ్చి నీ కన్ను పెరికి ఇమ్మంటే ఇచ్చేశాడట, ఆ పేరే నిలిచిందట. మన కర్ణుడి కవచకుండలాల కథ చెప్పాను ఆయనకి. "అయితే కర్ణుడూ మావాడే" అన్నారు. నల్లకళ్ళ సంగతంటారా, మా అత్తవారింట్లో ఉన్నవన్నీ నీలిరంగు కళ్ళే. నల్లకళ్ళు నావీ, మా పాపవీ.

బేరా వీళ్ళ సొంతగడ్డ కాదు, కార్క్‌లో పుట్టి పెరిగినవాళ్ళకే చాలామందికి ఈ సంగతి తెలీదు. అసలు చోటు టిప్పరరీ కౌంటీ, కాహిర్ పక్కన నాక్‌గ్రాఫన్ ప్రాంతం. కాషెల్ కోట నుంచి ఐర్లండ్ దక్షిణ భాగమైన మన్‌స్టర్‌ని ఏలిన రాజవంశంలో ఒక కొమ్మ వీళ్ళు, మకార్థీలు ఇంకో కొమ్మ. ఇద్దరి మూలపురుషులూ అన్నదమ్ములని వంశావళులు చెబుతాయి. ఇంగ్లండ్‌ని ఏలే నార్మన్లు వచ్చి 1192లో నాక్‌గ్రాఫన్‌లో మట్టిదిబ్బ పోసి దాని మీద కోట కట్టుకున్నారు. మాగాణి వదులుకుని వీళ్ళు పడమటికి, రాళ్ళూ గాలీ తప్ప ఏమీ లేని చోటికి జరిగారు. అక్కడ రెండుగా చీలారు. కెన్‌మేర్ దగ్గర డన్‌కెరన్ కోటలో ఉన్నవాళ్ళు ఓసలివన్ మోర్, అంటే పెద్ద. మా వైపు డన్‌బోయ్ కోటలో ఉన్నవాళ్ళు ఓసలివన్ బేర్.

పదహారో శతాబ్దం చివర్లో ఈ బేర్ వాళ్ళలో బాబాయికీ అన్న కొడుకుకీ దాయాదుల తగువొచ్చింది. ఐరిష్ పద్ధతిలో అయితే వంశంలో సమర్థుడెవరైనా పెద్దరికానికి రావచ్చు. ఆ లెక్కన బాబాయి ఓవెన్ కూర్చున్నాడు. అన్న కొడుకు డొనాల్ కామ్ మాత్రం ఇంగ్లిష్ చట్టం పట్టుకుని, తండ్రి తర్వాత కొడుకుదే హక్కని డబ్లిన్ దాకా వెళ్ళి గెలుచుకొచ్చాడు. అదే డొనాల్ పదేళ్ళయినా తిరక్కుండా అదే ఇంగ్లిష్ వాళ్ళ మీద కత్తి దూశాడు. 1601లో కిన్సేల్ దగ్గర ఐరిష్ వాళ్ళూ స్పెయిన్ వాళ్ళూ కలిసి ఓడిపోయాక, 1602 జూన్‌లో డన్‌బోయ్ కోటని ఫిరంగులతో కూల్చేశారు. లోపలున్నది 143 మంది. ప్రాణాలతో చిక్కినవాళ్ళని ఉరి తీశారు. ఆ కోట దగ్గరికి మా పాపని ఆడుకోవడానికి తీసుకెళ్తుంటాం. మోకాలెత్తు గోడలూ, వాటి మీద గడ్డీ, అంతే మిగిలింది.

ఆ డిసెంబర్ 31న డొనాల్ సుమారు వెయ్యిమందితో గ్లెన్‌గారిఫ్ నుంచి ఉత్తరానికి బయల్దేరాడు. సగానికి పైగా ఆడవాళ్ళూ పిల్లలూ పనివాళ్ళూ. చలికాలం, తిండి లేదు, దారి పొడుగునా దాడులు, వాటిలో సాటి ఐరిష్ వాళ్ళవీ ఉన్నాయి. షానన్ నది దాటడానికి పడవలు లేకపోతే గుర్రాల్ని చంపి మాంసం తిని, వాటి తోళ్ళతోనే పడవలు కట్టుకున్నారు. రెండు వారాలకి లీట్రిమ్‌లో ఓరూర్క్‌ల కోట చేరేసరికి మిగిలింది 35 మంది, అందులో ఒక్కతే ఆడమనిషి. డొనాల్ తర్వాత స్పెయిన్ వెళ్ళిపోయి 1618లో మాడ్రిడ్‌లో హత్యకి గురయ్యాడు. ఈ కథ మామగారు ప్రతి క్రిస్మస్‌కీ చెబుతారు. షానన్ దగ్గరికి వచ్చేసరికి అత్తగారు లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోతారు.

మరి ఓ ఎందుకు పోయిందంటే, పదిహేడో శతాబ్దం నుంచి పెత్తనమంతా ఇంగ్లిష్‌లోకి మారింది. కోర్టులో, కౌలు కాగితాల్లో, రిజిస్టర్లలో సూలవాన్ కాస్తా సలివన్ అయింది. ఓ పెట్టుకుంటే పాతకాలపు ఐరిష్ వాడని తెలిసిపోతుంది, అది మంచిది కాదు. 1890 నాటి ప్రభుత్వ అంచనాలో దేశం మొత్తం మీద ఈ పేరువాళ్ళు 43,600 మంది. మర్ఫీ, కెల్లీ తర్వాత మూడో స్థానం. పదిమందిలో ఎనిమిదిమంది కార్క్, కెర్రీ కౌంటీల్లోనే. ఆ ఏడు పుట్టినవాళ్ళలో ఓ పెట్టుకున్నది నూటికి 13 మందే. ఐరిష్ భాష మీద మళ్ళీ మమకారం మొదలయ్యాక, సొంత రాజ్యం వచ్చాక ఓ వెనక్కి వచ్చింది, 1944కల్లా నూటికి 60. మామగారి తాత పుట్టిన రిజిస్టర్లో సలివన్, సమాధి రాయి మీద ఓసలివన్. ఆయన పేరేం మార్చుకోలేదు, కాలం మార్చింది.

ఖమ్మం_పిల్ల:

అన్నా, మస్తు చెప్పిండ్రు! ఇన్‌ఛార్జ్ మేడంకి గసడదవాదేశం గురించి చెప్తా ఇగ. ఒక్కటి మిగిలింది. ఊరంతా ఒకటే పేరైతే మరి మనుషుల్ని గుర్తుపట్టేదెట్ల? మాకంటే స్టిక్కర్ ఉంది.

బేరా_అల్లుడు:

అక్కడే ఉందమ్మా మజా. బేరాలో ఓసలివన్ అంటే ఏమీ చెప్పనట్టే. ప్రతి కొమ్మకీ ఇంకో పేరుంటుంది. ఎప్పుడో ఒక ముత్తాత జుట్టు ఎర్రగా ఉంటే వాళ్ళు రువా, రంగు తెలుపైతే బాన్. అదే అసలు ఇంటిపేరు అనుకోండి. లేదంటే తండ్రినీ తాతనీ తగిలిస్తారు. జెర్రీ మైక్ డాన్ అంటే డాన్ కొడుకు మైక్, మైక్ కొడుకు జెర్రీ. మా తెనాలి వీధిలో మిల్లు వెంకటేశ్వర్రావు, గట్టు మీద వెంకటేశ్వర్రావు, బట్టల వెంకటేశ్వర్రావు అని ముగ్గురుండేవాళ్ళు, ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు. కాబట్టి నాకిది తొందరగానే ఎక్కింది.

మా అత్తవారు బాన్. అంటే తెలుపు. పెళ్ళికి ముందు మొదటిసారి ఊరి పబ్‌కి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన నన్ను పదిమందికీ "ఇతను బాన్‌లకి అల్లుడవుతున్నాడు" అని పరిచయం చేశాడు. అందరూ గొల్లుమన్నారు. నా రంగేమో మీరు ఊహించుకోవచ్చు. ఎందుకు నవ్వారో మా ఆవిడ ఇంటికొచ్చాకే చెప్పింది. ఇప్పుడు నేనూ ఆ ఊళ్ళో బాన్‌నే.

ఇంటింటికీ వేరే పోస్ట్‌కోడ్ 2015లో గానీ రాలేదు. అంతకుముందు కవరు మీద మైఖేల్ ఓసలివన్, ఫలానా పల్లె, కార్క్ కౌంటీ అని మాత్రమే ఉండేది. అలాంటి మైఖేల్‌లు మా పల్లెలో ముగ్గురు. పోస్ట్‌మాన్ కవరు ఎటునుంచి వచ్చిందో చూసి, చేతిరాత చూసి, ఏ ఇంటి పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నారో గుర్తుచేసుకుని ఇచ్చేవాడట. కరెంటు బిల్లుల దగ్గర మాత్రం ఆ విద్య పనిచేసేది కాదు.

రేడియోలో చావు కబుర్లు చదువుతున్నప్పుడు మామగారు పాలు పొంగినా లేవరు. ఓసలివన్ అనగానే వేలు పైకి లేస్తుంది, అందరం నోరు మూసుకోవాలి. ఆ వెనక బాన్ అనో రువా అనో ఊరి పేరో వస్తే గానీ ఆ వేలు దిగదు.

బాస్టన్_బావ:

ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. మా మసాచుసెట్స్‌లో కూడా వీధికొక సలివన్, కానీ ఒక్కరికీ ఓ లేదు. హెలెన్ కెల్లర్ టీచర్ యాన్ సలివన్ కూడా ఇక్కడి ఆవిడే కదా, మనం బడిలో చదువుకున్నాం. అలాగే ఊటీ కట్టించిన దొర సలివన్ అని ఎక్కడో చదివాను. వీళ్ళంతా మీ అత్తగారి తరఫేనా గురువుగారూ?

బేరా_అల్లుడు:

ఊటీ సంగతి ముందు తేల్చేద్దాం. 1819లో నీలగిరి ఎక్కి, ఆ తర్వాత అక్కడ మొదటి రాతి బంగళా కట్టించిన కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సలివన్ నిజమే, పేరూ ఇదే. కానీ ఆయన లండన్‌లో పుట్టినవాడు. కుంఫిణీ కలెక్టర్‌ని మా చుట్టమని మామగారి ముందు అంటే నాకు ఆ పూట భోజనం ఉండదు.

మీ దగ్గర ఓ లేకపోవడానికి కారణం సులువు. 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్ళి కరువొచ్చినప్పుడు, ఆ తర్వాత యాభై ఏళ్ళూ జనం ఓడలెక్కారు. వాళ్ళు వెళ్ళేనాటికి ఇక్కడ ఓ లేదు. ఏ రూపంలో పేరు వెళ్ళిందో అదే అక్కడ గడ్డకట్టింది. ఇక్కడ ఓ తిరిగొచ్చేసరికి అక్కడివాళ్ళు మూడో తరంలో ఉన్నారు.

యాన్ సలివన్ అమ్మానాన్నలు ఐర్లండ్ నుంచి వలస వెళ్ళినవాళ్ళే. ఆవిడ 1866లో మీ రాష్ట్రంలోనే పుట్టింది. చిన్నప్పుడే ట్రకోమా అనే కంటిజబ్బు వచ్చి చూపు దాదాపు పోయింది, బాస్టన్‌లో పెర్కిన్స్ అంధుల బడిలో చదివింది, ఆపరేషన్లు జరిగాక కొంత చూపొచ్చింది. 1887 మార్చిలో అలబామా వెళ్ళి హెలెన్‌ని చేరదీసింది. ఇంటిపేరులోనే కన్ను ఉన్న మనిషికి ఆ కళ్ళే సరిగా లేవు, చూపు లేని పిల్లకి లోకాన్ని చూపించింది. దీన్ని మొదట గమనించింది నేనే అనుకుని మురిసిపోతూ అత్తగారికి చెప్పాను. "మా బళ్ళో సిస్టర్ చెప్పింది, 1958లో" అన్నారు.

బేరా వాళ్ళు మాత్రం ఎక్కువగా బాస్టన్‌లో ఆగలేదు. మా దగ్గర అలిహీస్ అనే ఊళ్ళో 1812 ప్రాంతంలో రాగి గనులు తవ్వడం మొదలైంది. గని పక్స్‌లీ అనే భూస్వాములది, నిపుణులు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చారు, బండ పగలగొట్టింది మావాళ్ళు. గనులు సన్నగిల్లేసరికి చేతిలో ఉన్నది రాగి తవ్వే విద్య ఒక్కటే. అప్పుడే మోంటానాలో బ్యూట్ అనే చోట రాగి బయటపడింది. దాని యజమానుల్లో పెద్దవాడు మార్కస్ డేలీ, ఆయన కూడా ఐర్లండ్‌లో కావన్ కౌంటీలో పుట్టినవాడే. ఒకడు వెళ్ళాడు, తమ్ముణ్ణి పిలిచాడు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు. మన అమీర్‌పేట నుంచి డాలస్ వెళ్ళినట్టే. "అమెరికాలో ఆగొద్దు, తిన్నగా బ్యూట్‌కి పో" అనేవాళ్ళని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊళ్ళో కొండ మీద గని ఇంజన్ గది మొండిగోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. కార్న్‌వాల్ వాళ్ళు ప్రార్థనకి కట్టుకున్న చిన్న చర్చి ఇప్పుడు గనుల మ్యూజియం.

మామగారి తాత తమ్ముళ్ళు ఇద్దరు అక్కడికే వెళ్ళారు. వాళ్ళని వెతుకుదామని ఒక చలికాలమంతా కూర్చున్నాను. 1901, 1911 జనాభా లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు నెట్‌లో ఉచితంగా పెట్టారు. అంతకుముందువి అడక్కండి, 1821 నుంచి 1851 దాకా లెక్కలు దాదాపు మొత్తం 1922లో డబ్లిన్‌లో రికార్డుల ఆఫీసు తగలబడినప్పుడు బూడిదయ్యాయి. కార్క్, సలివన్ అని కొడితే ఇక చూసుకోండి, పేజీల మీద పేజీలు. ఇంటిపేరుతో వెతకడం దండగని వారానికి తెలిసింది. పల్లె పేరూ, ఇంట్లో ఆడవాళ్ళ పేర్లూ పట్టుకుంటేనే దొరికారు. 1901లో ఆ ఇంట్లో తొమ్మిదిమంది ఉన్నారు. తమ్ముళ్ళిద్దరూ పద్దెనిమిదీ, పదహారూ. 1911లో ఆ రెండు పేర్లూ లేవు.

ఖమ్మం_పిల్ల:

అన్నా, ఇయ్యాల లంచ్‌ల ధైర్యం చేసి అడిగిన. మా నర్స్ ఓసలివన్‌ని, మీరు ఏ ఓసలివన్ అని. చేతిలో సాండ్‌విచ్ కింద పెట్టి, నీకెవరు చెప్పిండ్రు ఇట్ల అడగాలని అంది. మీ గురించి చెప్పిన. ఆమెది బేరానే అంట, అయిరీస్ దగ్గర. మాది బాన్ అంది. మేడం ఏమో కెర్రీ వైపు, వాళ్ళది మోర్ అంట, బాన్ అంటే పట్టించుకోనట్టే మొహం పెట్టింది.

బేరా_అల్లుడు:

మామగారికి చదివి వినిపించాను. వేలు పైకి లేచింది. ఆమె తాత పేరు కనుక్కోమంటున్నారు. డాన్ అయితే మాత్రం వాళ్ళు మనకి 1974 నుంచి ఒక ఆవు బాకీ ఉన్నారట.